గ్రీకు కుండ మీద సాటిర్‌ని గుర్తుపట్టడం ఎలా

పెద్ద మ్యూజియంలో గ్రీకు గదిలోకి వెళ్లారనుకోండి. అద్దాల బీరువాల నిండా కుండలే. నల్లవి, ఎర్రవి, పొట్టివి, పొడుగువి. మొదటి పది కుండలు శ్రద్ధగా చూస్తాం. పదిహేనో కుండ దగ్గరికి వచ్చేసరికి కాళ్లు పీకుతుంటాయి, అన్నీ ఒకేలా కనిపిస్తాయి, మనసు కాఫీ మీదికి పోతుంది. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే: అన్ని బొమ్మలూ చూడాలని పెట్టుకోకండి. ఒక్కడిని పట్టుకుని వాడి వెంట పడండి.

ఆ ఒక్కడు సాటిర్ అయితే గిట్టుబాటు ఎక్కువ. గ్రీకుల బొమ్మల కుండల్లో చాలా భాగం వైన్ కలపడానికో, చల్లబరచడానికో, తాగడానికో చేసినవి. వైన్‌కి దేవుడు డయొనైసస్. ఆయన ఎక్కడుంటే ఆయన పరివారం అక్కడుంటుంది. ఆ పరివారంలో మగవాళ్లే సాటిర్లు. ముప్పాతిక మనిషి, పాతిక గుర్రం, పొద్దస్తమానం తాగుడూ గంతులూ. గదిలో ఇద్దరు ముగ్గురైనా దొరక్కపోరు.

మ్యూజియం దాకా వెళ్లే అవకాశం లేకపోయినా పర్వాలేదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం తమ కుండల ఫొటోలు వెబ్‌సైట్లలో పెట్టాయి. ఆక్స్‌ఫర్డ్‌లోని బీజ్లీ ఆర్కైవ్‌లో వేలకొద్దీ గ్రీకు కుండల వివరాలు వెతుక్కోవచ్చు. ఫోన్‌లో కంటే పెద్ద స్క్రీన్ మీద చూడండి. మనం వెతికే గుర్తు ఒక్కోసారి చిటికెనవేలి గోరంత కూడా ఉండదు.

ముందు మేకకాళ్లు మర్చిపోండి

ఇంటర్నెట్‌లో సాటిర్ అని కొడితే వచ్చే బొమ్మల్లో ఎక్కువ భాగం నడుము కింద మేక, తల మీద కొమ్ములు. సినిమాల్లో, వీడియో గేముల్లో కూడా అదే రూపం. ఆ రూపం మనసులో పెట్టుకుని క్రీ.పూ. 6, 5 శతాబ్దాల ఏథెన్స్ కుండల ముందు నిలబడితే మీకు ఒక్క సాటిర్ కూడా కనిపించడు. వాళ్లు మాత్రం మీ కళ్లెదుటే గంతులేస్తుంటారు.

మేకకాళ్లు, కొమ్ములు ఉన్నవాడు పాన్. అతను వేరే దేవుడు, ఆర్కేడియా కొండల్లో పశువుల కాపరుల దేవుడు. ఏథెన్స్ వాళ్లు అతని కొలువు మొదలుపెట్టింది క్రీ.పూ. 490 నాటి మారథాన్ యుద్ధం తర్వాత. సాయం అడగడానికి స్పార్టాకి పరుగెత్తిన వార్తాహరుడికి దారిలో కొండ మీద పాన్ ఎదురుపడి, "మీ ఊరివాళ్లు నన్నెందుకు పట్టించుకోరు?" అని అడిగాడని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. తర్వాతి శతాబ్దాల్లో, ముఖ్యంగా రోమన్ల కాలంలో, పాన్, సాటిర్, ఇటలీ వాళ్ల అడవి దేవుడు ఫానస్ అందరూ కలగాపులగం అయిపోయారు. ఇవాళ మనం చూసే మేకకాళ్ల సాటిర్ ఆ కలగాపులగం నుంచి పుట్టినవాడు. పాత ఏథెన్స్ సాటిర్ మాత్రం గుర్రం జాతి.

గుర్రం అనగానే మనకి తుంబురుడు గుర్తొస్తాడు. అక్కడ కూడా ఆగండి. తుంబురుడిది గుర్రం మొహం, మనిషి ఒళ్లు. సాటిర్‌ది అలా కాదు. మొహం మనిషిదే, గుర్రం తగిలేది చెవుల దగ్గర, తోక దగ్గర. నాలుగు కాళ్లుంటే వాడు సెంటార్, వాడి గొడవ వేరు.

వీపు నుంచి మొదలుపెట్టండి

బొమ్మలో ఎవరైనా మగవాడు బట్టల్లేకుండా కనిపిస్తే మొహం కంటే ముందు నడుము వెనక భాగం చూడండి. గుర్రం తోక ఉంటే సాటిరే. తోక నడుము కింద, పిర్రల పైన మొదలవుతుంది. కొందరికి మోకాళ్ల దాకా, కొందరికి మడమల దాకా వేలాడుతుంది. గంతు వేస్తున్నవాడికైతే గాలిలో విల్లులా లేస్తుంది. నల్లబొమ్మల కుండల మీద, అంటే ఎర్రటి మట్టి మీద బొమ్మలు నల్లగా గీసిన వాటి మీద, తోకకీ గడ్డానికీ ముదురు ఎరుపు రంగు వేయడం చిత్రకారులకి అలవాటు. అందుకే కొంచెం దూరం నుంచి కూడా రెండు ఎర్రటి మరకల్లా కనిపిస్తాయి.

ఇక్కడొక బోల్తా ఉంది, నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను. మొదట్లో ఒక కుండ మీద వెనక వేలాడుతున్న తోకని చూసి గబుక్కున సాటిర్ అని రాసుకున్నాను. తీరా చూస్తే అతను గ్రీకు వీరుడు హెరాక్లీస్. భుజాల మీద కప్పుకున్న సింహం తోలుకి ఉన్న తోక అది. డయొనైసస్ చుట్టూ తిరిగే ఆడవాళ్లు, అంటే మీనడ్‌లు, చిరుత తోళ్లూ లేడి తోళ్లూ కప్పుకుంటారు. వాటికీ తోకలుంటాయి. అందుకని తోక కొస చూడకండి, మొదలు చూడండి. ఒంట్లోంచి మొలిచిందా, తోలు అంచు నుంచి జారిందా అన్నది అక్కడ తేలిపోతుంది.

తోక చేయి వెనకో, పక్కవాడి వెనకో దాక్కుంటే చెవులు చూడండి. మనిషి చెవి చెంప పక్కన అంటుకుని ఉంటుంది. సాటిర్ చెవి పైకి లేచి, కొన తేలి, గుర్రానిదిలా నిక్కబొడుచుకుని ఉంటుంది. అదే కుండ మీద రథానికి కట్టిన గుర్రం ఉంటే అదృష్టం: రెండు చెవులూ పోల్చుకోవచ్చు. ఆ తర్వాత ముక్కు. గ్రీకు చిత్రాల్లో వీరులకి నుదుటి నుంచి ముక్కు కొన దాకా ఒకటే గీత. సాటిర్‌ది చప్పిడి ముక్కు, నుదురు దగ్గర గుంట పడి కింద బంతిలా ఉబ్బుతుంది. నుదుటి మీద జుట్టు పలచబడి బట్టతల, దాని బాకీ తీర్చడానికన్నట్టు కింద ఇంత గడ్డం.

మొహం మనవైపు తిరిగి ఉందా చూడండి. గ్రీకు కుండల మీద దాదాపు అందరూ పక్కకి తిరిగి ఉంటారు. నేరుగా మన కళ్లలోకి చూసేవాళ్లు తక్కువ, ఆ తక్కువమందిలో సాటిర్లు తరచుగా ఉంటారు. వైన్ తాగుతూ గిన్నె పైకెత్తితే అడుగున ఒక సాటిర్ మొహం మిమ్మల్నే చూస్తుంటుంది. ఎగతాళి చేస్తున్నట్టుంటుంది, నాకైతే.

సిగ్గుపడే విషయం దగ్గర ఆగిపోకండి

పిల్లల్ని వెంటబెట్టుకుని వెళితే ఇది ముందే అనుకుని వెళ్లండి. సాటిర్లకి అంగం నిటారుగా, అతిగా పెద్దదిగా గీయడం పరిపాటి. మన ఇళ్లలో ఇలాంటి బొమ్మ ముందు నుంచి అందరూ ఒకేసారి పక్క బీరువా వైపు నడుస్తారు. కానీ గ్రీకుల లెక్క మనం అనుకునేదానికి తిరగబడి ఉంటుంది. అదే కుండ మీద వీరుడో క్రీడాకారుడో ఉంటే అతని అంగం చిన్నగా గీసి ఉంటుంది. వాళ్ల కళ్లకి అందం, నిగ్రహం అదీ. పెద్దదంటే ఒంటి మీద అదుపు లేనివాడు, నవ్వుకోవాల్సినవాడు అని అర్థం. అంటే అది మగతనపు గొప్ప కాదు, వెక్కిరింత.

ఇది బాగా అర్థం కావాలంటే బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక సిక్టర్ చూడండి. సిక్టర్ అంటే వైన్ చల్లబరిచే పాత్ర, పుట్టగొడుగు ఆకారంలో ఉంటుంది. దాన్ని చల్లటి నీళ్లు పోసిన పెద్ద పాత్రలో దించేవాళ్లు. క్రీ.పూ. 500, 490 మధ్య డూరిస్ అనే చిత్రకారుడు దాని చుట్టూ సాటిర్లని గీశాడు. ఒకడు వెనక్కి వాలి, రెండు చెవుల తాగుడు పాత్రని తన అంగం కొస మీద నిలబెట్టి బ్యాలెన్స్ చేస్తున్నాడు. ఇంకొకడు అంగీ కప్పుకుని, చేతికర్ర పట్టుకుని, దూత వేషం కట్టి గంభీరంగా నిలబడ్డాడు, తోక మాత్రం తోకే. ఆ పాత్ర నీళ్లలో తేలుతూ మెల్లగా తిరుగుతుంటే చుట్టూ కూర్చున్న తాగుబోతులకి ఈ సర్కస్ అంతా కళ్ల ముందు తిరుగుతున్నట్టు ఉండేదన్నమాట. తాగినవాడికి తన అవతారమే కుండ మీద కనిపించడం, ఆ జోకు 2,500 ఏళ్ల తర్వాత కూడా పేలుతోంది.

చేతిలో ఏముంది, ఏం చేస్తున్నాడు

గుర్తుపట్టడం అయ్యాక పని చూడండి. చేతిలో తోలుతిత్తి ఉంటే అందులో వైన్. నోట్లో రెండు గొట్టాలుంటే అది ఔలోస్. మ్యూజియం లేబుళ్లు దాన్ని ఫ్లూట్ అంటాయి, తెలుగులో చాలామంది పిల్లనగ్రోవి అని రాసేస్తారు. నమ్మకండి. దానికి పీక ఉంటుంది, కాబట్టి చుట్టరికం మన సన్నాయితో. వాయించేవాడి బుగ్గల మీదుగా ఒక తోలుపట్టీ కట్టి ఉంటే అది ఊదేటప్పుడు బుగ్గలకి ఆసరా. రెండు గొట్టాలూ, పట్టీ కనిపిస్తే ఔలోసే అని ధైర్యంగా చెప్పొచ్చు.

సాటిర్లని గురించి దొరికే పాత మాటల్లో పాతకాలపు గ్రీకు కవి హెసియడ్ పేరు మీద ఉన్న ఒక పద్యపు ముక్క ఉంది. అందులో వాళ్లు దేనికీ పనికిరానివాళ్లు, పని చేతకానివాళ్లు. కానీ జర్మనీలో వుర్ట్స్‌బర్గ్ మ్యూజియంలో అమాసిస్ చిత్రకారుడిదని చెప్పే ఒక కుండ ఉంది, క్రీ.పూ. 530 ప్రాంతానిది. దాని మీద సాటిర్లు ద్రాక్షతోటలో కూలీల్లా ఒళ్లు వంచి పనిచేస్తున్నారు. ఒకడు పందిరి నుంచి గుత్తులు కోస్తున్నాడు. ఇంకొకడు వాటిని కాళ్లతో తొక్కుతున్నాడు. ఒకడు నేలలో పాతిన పెద్ద కాగులోకి పోస్తున్నాడు. ఒకడు ఔలోస్ వాయిస్తున్నాడు, అదీ పనే, నాట్లప్పుడు పాట లేకుండా నడుం వంగుతుందా? పనికిమాలినవాళ్లు అన్నది ఒక కవి మాట. వైన్ విషయానికి వచ్చేసరికి వాళ్ల ఒళ్లు వంగుతుంది. బొమ్మ చూసేటప్పుడు పుస్తకంలో చదివింది కాసేపు పక్కన పెట్టండి.

నాటకం వాళ్లని పట్టుకోవడం

కొన్నిచోట్ల మీకు దొరికేది సాటిర్ కాదు, సాటిర్ వేషం కట్టిన మనిషి. ఏథెన్స్‌లో డయొనైసస్ ఉత్సవంలో ఒక్కో కవి మూడు విషాద నాటకాలు, వాటి వెనకే ఒక సాటిర్ నాటకం వేయించేవాడు. పొద్దుట్నుంచి ఏడ్చి ఏడ్చి ఉన్న జనానికి చివర్లో గంతులన్నమాట. వీటిలో మొత్తంగా మిగిలింది యూరిపిడీస్ రాసిన సైక్లోప్స్ ఒక్కటే. సోఫోక్లిస్ రాసిన వేటగాళ్ల జాడ నాటకం సగం దాకా ఈజిప్టులో పాపిరస్ ముక్కల మీద దొరికింది, 1912లో అచ్చయింది.

వేషగాడిని పట్టించేది లాగు. తోకా అంగమూ రెండూ నడుముకి కట్టుకున్న బొచ్చు లాగుకి కుట్టి ఉంటే ఒంటి నుంచి మొలవలేదని తెలిసిపోతుంది. చేతిలో మొహం నుంచి ఊడదీసిన ముసుగు పట్టుకుని ఉంటే ఇక సందేహమే లేదు. నేపుల్స్ మ్యూజియంలో ఉన్న ప్రోనోమోస్ కుండ దీనికి పాఠం లాంటిది. క్రీ.పూ. 400 ప్రాంతంలో చేసింది, దక్షిణ ఇటలీలో రువోలో దొరికింది. దాని మీద ఒక నాటక బృందం మొత్తం తెర వెనక కూర్చుని కబుర్లు చెప్పుకుంటోంది. చాలామంది కుర్రాళ్లు, నున్నటి గడ్డాలు, చేతుల్లో గడ్డం మీసాల ముసుగులు. ఒక్కడు మాత్రం ముసుగు తగిలించేసుకుని అప్పుడే గంతులు మొదలుపెట్టాడు. ప్రతి బృందంలోనూ ఉంటాడు అలాంటివాడు. వాళ్ల పక్కన రాసిన పేర్లు సాటిర్ల పేర్లు కావు, మామూలు ఏథెన్స్ మగవాళ్ల పేర్లు. మధ్యలో దర్జాగా కూర్చుని ఔలోస్ వాయిస్తున్న ప్రోనోమోస్ నిజంగా బతికిన థీబ్స్ విద్వాంసుడు, కుండకి ఆయన పేరే పెట్టారు.

పక్కన రాసింది చదవండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. గ్రీకు రాకపోయినా అరగంటలో కొంత దారి పట్టొచ్చు.

పేరు సాధారణంగా తల దగ్గర మొదలై బొమ్మ పక్కగా జారుతుంది. కుడివైపు చూస్తున్నవాడికి ఎడమ నుంచి కుడికి, ఎడమవైపు చూస్తున్నవాడికి చాలాసార్లు కుడి నుంచి ఎడమకి తిప్పి రాస్తారు, అప్పుడు అక్షరాలు కూడా అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. ఇంగ్లిష్ పి లాంటిది కనిపిస్తే ర అని, ఎక్స్ లాంటిది కనిపిస్తే ఖ అని చదవండి. ఏథెన్స్ వాళ్లు క్రీ.పూ. 403 దాకా అధికారికంగా పాత లిపే వాడారు. అందులో ఏ హ్రస్వమో ఏ దీర్ఘమో చెప్పే వేరే అక్షరాలు లేవు, ఎ-ఏ రెండిటికీ ఒకటే, ఒ-ఓ రెండిటికీ ఒకటే.

ఇప్పుడు పేర్లు. సీమోస్ అంటే చప్పిడిముక్కోడు. కోమోస్ అంటే తాగి వీధుల్లో ఆడుతూ పాడుతూ తిరిగే ఊరేగింపు, అదే ఒక సాటిర్ పేరు. టెర్పోన్ అంటే ఆనందించేవాడు, డ్రోమిస్ అంటే పరుగెత్తేవాడు. బెర్లిన్‌లో ఉన్న ఒక పెద్ద కుండ మీద దేవతల దూత హెర్మీస్ పక్కన ఒరెయిమఖోస్, వెనక వైపు ఒరోఖరేస్ అని రెండు పేర్లున్నాయి. ఒరోస్ అంటే కొండ. మొదటివాడు కొండల్లో పోరాడేవాడు, రెండోవాడు కొండలంటే సంబరపడేవాడు. ఆ బొమ్మ గీసినవాడి పేరు తెలియదు కాబట్టి ఈ కుండని బట్టే అతన్ని బెర్లిన్ చిత్రకారుడు అంటారు. సాటిర్లకి పేర్లున్నాయి, గీసినవాడికి లేదు.

పేర్లు కథని కూడా నడుపుతాయి. బ్రిటిష్ మ్యూజియంలో బ్రైగోస్ చిత్రకారుడి గిన్నె ఒకటుంది. దాని మీద దేవతల దూతిక ఐరిస్‌ని సాటిర్లు పట్టుకుని లాగుతున్నారు. వాళ్ల పేర్లు చూడండి: ఎఖోన్ అంటే పట్టుకుని ఉన్నవాడు, లేప్సిస్ అంటే లాక్కోవడం. ఎవడు చేసే పని వాడి నెత్తి మీదే రాసి ఉంది. మన ఊళ్లలో ఒకడికి పెట్టిన ఎగతాళి పేరు అసలు పేరుని మింగేసినట్టు.

రెండు జాగ్రత్తలు. అక్షరాల్లో కలోస్, అంటే అందగాడు, అన్న మాట కనిపిస్తే తొందరపడి దాన్ని సాటిర్ పేరు అనుకోకండి. ఫలానా కుర్రాడు అందగాడు అని ఏథెన్స్ యువకుల్ని పొగడడం అప్పటి ఫ్యాషన్, కుండ మీద బొమ్మకీ ఆ పొగడ్తకీ సంబంధం ఉండక్కర్లేదు. ఎగ్రాప్సెన్ అని ముగిస్తే అది చిత్రకారుడి సంతకం, ఎపోయియేసెన్ అని ఉంటే కుండ చేసినవాడిది. ఇక ఎంత కూడబలుక్కున్నా అర్థం రాకపోతే మీ తప్పు కాకపోవచ్చు. అర్థం లేని అక్షరాల వరసలు రాసి పెట్టిన కుండలు బోలెడున్నాయి.

సాటిర్ అనాలా, సైలీనస్ అనాలా

లేబుల్ మీద ఒక్కోచోట సైలెన్ అని, ఒక్కోచోట సాటిర్ అని ఉంటుంది. బొమ్మ మాత్రం ఒకటే. తేడా ఏమిటని జుట్టు పీక్కోకండి, గ్రీకులే కలిపేశారు.

ఇటలీలో ఫ్లోరెన్స్ మ్యూజియంలోని ఫ్రాన్స్వా కుండ చూడండి. 66 సెంటీమీటర్ల ఎత్తు, క్రీ.పూ. 570 ప్రాంతంలో ఎర్గోటిమోస్ చేశాడు, క్లైటియాస్ బొమ్మలు గీశాడు. 1900లో ఒక కాపలాదారు కోపంలో స్టూలు విసిరితే 638 ముక్కలైంది, మళ్లీ అతికించారు. దాని మీద అమ్మ హేరా దేవతల కొండ ఒలింపస్ నుంచి విసిరేసిన కమ్మరి దేవుడు హెఫెస్టస్‌ని డయొనైసస్ తాగించి, కంచరగాడిద ఎక్కించి, వెనక్కి తీసుకొస్తున్నాడు. వెనకాల ముగ్గురు: ఒకడు వైన్ తిత్తి మోస్తూ, ఒకడు ఔలోస్ ఊదుతూ, ఒకడు ఒక వనదేవతని ఎత్తుకుని. ముగ్గురికీ నడుము కింద గుర్రం వెనక కాళ్లు. అంత పాత కాలంలో కాళ్లూ గుర్రానివేనన్నమాట, తర్వాత్తర్వాత మనిషి కాళ్లొచ్చాయి. వాళ్ల పక్కన రాసిన మాట సైలెనోయ్, అంటే సైలెన్లు.

ఇక రచయితలు. మిడాస్ రాజు ఊటలో వైన్ కలిపి ఒక అడవి జీవిని పట్టుకున్న కథ ఉంది. మాసిడోనియాలో అరవై రేకుల గులాబీలు పూసే మిడాస్ తోటలో పట్టుబడింది సైలెనస్ అంటాడు హెరొడోటస్. జెనొఫోన్ ఆ కథని ఫ్రిజియాలో ఒక ఊట దగ్గర పెట్టి, పట్టుబడింది సాటిర్ అంటాడు. అపోలో దేవుడితో సంగీతంలో పోటీపడి ఓడి తోలు ఒలిపించుకున్న మార్సియస్‌ని హెరొడోటస్ సైలెనస్ అంటే, మిగతావాళ్లు సాటిర్ అంటారు. క్రీ.శ. 2వ శతాబ్దంలో పాసనియస్ ఒక దారి చూపించాడు: సాటిర్లలో వయసు మీరినవాళ్లని సైలెన్లు అంటారట. నాటకాల్లో కూడా సాటిర్ల తండ్రి పేరు సైలెనస్, తెల్లటి బొచ్చు ఒళ్లంతా ఉన్న ముసలాడు.

కాబట్టి నా సలహా: కుర్రవాడో నడివయసువాడో అయితే సాటిర్ అనండి. ముసలాడు, పొట్ట ముందుకి, ఇద్దరు పట్టుకుంటే గానీ నడవలేనివాడు అయితే సైలీనస్ అనండి. ఎవరైనా తప్పు అంటే జెనొఫోన్‌ని చూపించండి.

విగ్రహాల దగ్గర

పాలరాతి, కంచు విగ్రహాల దగ్గర పని కష్టం. క్రీ.పూ. 4వ శతాబ్దంలో ప్రాక్సిటిలీస్ అనే శిల్పి వచ్చాక సాటిర్ కుర్రవాడైపోయాడు. గడ్డం పోయింది, బట్టతల పోయింది, ముక్కు సర్దుకుంది. దూరం నుంచి చూస్తే అందగాడైన పశువుల కాపరి. జుట్టులోంచి తొంగిచూసే చెవి కొన ఒక్కటే పట్టిస్తుంది. విగ్రహం చుట్టూ తిరగండి, వెనక తోక తుంచేసినట్టు చిన్న ముక్కయినా ఉండొచ్చు.

తోక విరిగిపోతే దాని గుర్తు వెతకండి. సిసిలీ జలసంధిలో జాలర్ల వలకి 1997లో ఒక కంచు కాలు, 1998లో దాదాపు అర కిలోమీటరు లోతు నుంచి మిగతా ఒళ్లు తగిలాయి. తల వెనక్కి వాల్చి, ఒంటికాలి మీద గిరగిరా తిరుగుతున్న మనిషి. నడుము వెనక ఒక రంధ్రం ఉంది, తోక బిగించడానికి పెట్టింది. ఆ రంధ్రం, ఆ కొనదేలిన చెవులు, ఇంకేం కావాలి. ఇప్పుడు మజారా దెల్ వల్లోలో పాత చర్చిలో పెట్టారు, చుట్టూ తిరిగి చూడొచ్చు.

లేబుల్ మీద ఫాన్ అని ఉన్నా కంగారుపడకండి. మ్యూనిక్‌లో చిరుత తోలు పరుచుకుని తాగి ఒళ్లు మరిచి పడుకున్న బార్బెరీని ఫాన్, రోమ్‌లో చెట్టు మోడుకి ఆనుకున్న కుర్రవాడు, ఇద్దరూ సాటిర్లే. ఇటలీలో దొరికిన వాటికి అక్కడివాళ్లు తమ దేవుడు ఫానస్ పేరు పెట్టారు, అది అలాగే అతుక్కుపోయింది. పాంపేలో 1830లో దొరికిన చిన్న కంచు నర్తకుడికి కొమ్ములు కూడా ఉన్నాయి. అది ఈ రెండు జాతులూ కలిసిపోయాక వచ్చిన రూపం.

ఇలాంటి తప్పు పేర్లు మన దేశం దాకా వచ్చాయి. 1836లో మధుర దగ్గర దొరికిన శిల్పంలో పొట్టాయన ఒకడు తాగి తూలుతుంటే పక్కవాళ్లు పట్టుకుంటారు. అప్పటి ఇంగ్లిష్ పండితులకి అది సైలీనస్‌లా కనబడింది, గ్రీకు శిల్పం అని రాసేశారు. తర్వాతివాళ్లు అది కుబేరుడో యక్షుడో అని సరిచేశారు. పొట్ట, గిన్నె, తూలుడు ఈ మూడూ ఉన్నంత మాత్రాన సాటిర్ కాదు. తోక ఏది?

తెలుగులో రాసేటప్పుడు

గ్రీకు మాట సాటురోస్. ఇంగ్లిష్ ఉచ్చారణని బట్టి సేటర్ అనీ, సాటైర్ అనీ రాసేవాళ్లున్నారు. సాటైర్ అని మాత్రం వద్దు, అది వ్యంగ్యానికి వాడే ఇంగ్లిష్ మాటలా ఉంటుంది. చూడ్డానికి చుట్టాల్లా కనిపించినా ఆ రెండు మాటలకీ సంబంధం లేదు. వ్యంగ్యం మాట లాటిన్ సాటురా నుంచి వచ్చింది, అన్నీ కలిపిన పళ్లెం అని దాని అర్థం. సాటిర్ అని రాసి, మొదటిసారి ఒక వాక్యంలో వివరిస్తే సరిపోతుంది. రాక్షసుడు, కిన్నెరుడు అని తెలుగు చేయకండి. ఒకదానికి ఇంకొకటి అంటగడితే ఏం జరుగుతుందో యెషయా గ్రంథం 13వ అధ్యాయం చెబుతుంది. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో అక్కడ సాటిర్లు నాట్యం చేస్తారు. మన తెలుగు బైబిల్లో అదే చోట కొండమేకలు గంతులు వేస్తాయి. హీబ్రూ మాట ఒకటే, ఇంగ్లిష్‌వాళ్లు గ్రీసు నుంచి అద్దెకి తెచ్చుకున్నారు.

సీతాకోకచిలుకల్లో సాటిరినే అని ఒక ఉపకుటుంబం ఉంది, పేరు వీళ్లదే. అందులోదే సాయంత్రాలు మన ఇళ్లలోకి వచ్చి గోడ మీద ఎండుటాకులా వాలే గోధుమరంగు చిలుక. దాని గొంగళిపురుగు వరి ఆకు తింటుంది, తలకి రెండు కొమ్ములు. కొమ్ములు పాన్‌వి, పేరు సాటిర్‌ది. అక్కడ కూడా కలగాపులగమే.

మొదటి అభ్యాసం

మెట్రోపాలిటన్ మ్యూజియం వెబ్‌సైట్‌లో లిడోస్ గీసిన క్రేటర్ వెతకండి. క్రేటర్ అంటే వైన్‌లో నీళ్లు కలిపే పెద్ద పాత్ర. క్రీ.పూ. 550 ప్రాంతానిది, హెఫెస్టస్‌ని వెనక్కి తీసుకొచ్చే అదే ఊరేగింపు. ఒక వైపు డయొనైసస్, ఇంకోవైపు వాహనం మీద హెఫెస్టస్, చుట్టూ సాటిర్లూ మీనడ్‌లూ. అన్ని వైపుల ఫొటోలూ తెరిచి పెట్టుకోండి. నల్లబొమ్మల పద్ధతిలో ఆడవాళ్ల ఒంటికి తెలుపు వేస్తారు, ఆ తెలుపు చాలాచోట్ల రాలిపోయి ఉంటుంది, అందుకని రంగుని నమ్ముకోకుండా బట్టలు చూసి మీనడ్‌లని పక్కకి తీసేయండి. డయొనైసస్‌కి పొడుగు అంగీ ఉంటుంది, ఆయన్నీ తీసేయండి. మిగిలినవాళ్లలో ఒక్కొక్కడి నడుము వెనక వేలు పెట్టి తోకలు లెక్కపెట్టండి. కంచరగాడిద తోక లెక్కలో కలపకండి.